బియ్యం ఎగుమతి మొదలుపెట్టే ముందు

చిరంజీవి అమ్మాయికి పెద్దనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మిల్లు లెక్కలు నీ చేతికి వచ్చాక పాత బాకీలన్నీ తీరాయని మీ నాన్న ఫోనులో చెబితే చాలా సంతోషించాను. ఇకమీదట కాకినాడ ఎగుమతిదారులకు సరుకు అప్పగించడం కాకుండా, నీ పేరు మీదే ఓడకెక్కించాలని ఉందన్నావు. వద్దని అనను. మండపేటలో తాను ఆడించిన బియ్యం ఆఫ్రికాలో ఏ రేవులో దిగుతుందో తెలియక, మధ్యవాడు చెప్పిన ధరకు తల ఊపే మిల్లర్లను జీవితమంతా చూశాను. నీకు చదువుంది, ఓపిక ఉంది, లెక్క తెలుసు. అయితే ఈ వ్యాపారంలో ధర కంటే ముందు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. తీరిగ్గా చదువుకో.

ఐఈసీ (ఎగుమతి, దిగుమతిదారులకు ఇచ్చే గుర్తింపు) నంబరు, అపెడా (వ్యవసాయ ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ) సభ్యత్వం, బ్యాంకు ఖాతా వంటి పనులు మన ఆడిటరు గారు చూసుకుంటారు. వాటి గురించి రాసి కాగితం నింపను. ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. 2025 సెప్టెంబర్ నుంచి బాస్మతి కాని బియ్యం ఎగుమతి చేయాలంటే ప్రతి ఒప్పందాన్నీ అపెడా దగ్గర నమోదు చేయించాలి. అది లేకుండా సరుకు కదలదు.

ప్రపంచంలో పండే బియ్యంలో దేశాల సరిహద్దులు దాటేది దాదాపు పదో వంతే. మిగిలిందంతా పండిన చోటే తింటారు. ఆ పదో వంతులో ఇంచుమించు 40 శాతం మన దేశానిది. థాయ్‌లాండ్, వియత్నాం, పాకిస్తాన్ మన తర్వాతే. 2022-23లో మనం పంపింది 2 కోట్ల 20 లక్షల టన్నుల పైమాటే. అంత పెద్ద అమ్మకందారు ఉన్నట్టుండి తలుపు మూస్తే ప్రపంచమంతా ధర ఎగబాకుతుంది. ఆ తలుపు తీయడమైనా మూయడమైనా మన చేతిలో ఉండదు, ఢిల్లీ చేతిలో ఉంటుంది. ఢిల్లీ చూసేది ఎగుమతిదారు లాభాన్ని కాదు, ఇంట్లో వంటింటి ఖర్చును. ఇది నీకు మొదటి రోజు నుంచే ఒంటబట్టాలి.

ఢిల్లీ భయానికి కారణం లేకపోలేదు. 1966లో మన దేశం సుమారు కోటి టన్నుల తిండిగింజలు దిగుమతి చేసుకుంది. అందులో ఎక్కువ భాగం పీఎల్-480 అనే తిండి సాయం చట్టం కింద అమెరికా నుంచి వచ్చిన గోధుమ. అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ మన విదేశాంగ విధానం నచ్చక, ఓడలను ఒక్కొక్క నెలకు సరిపడా మాత్రమే వదిలేవాడు. ఆ మరుసటి సంవత్సరమే మన ఆచంటలో రైతు నెక్కంటి సుబ్బారావు గారు అధిక దిగుబడినిచ్చే ఐఆర్-8 వరి వేసి పండించి చూపించారు. ఆ తరువాత మారుటేరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన స్వర్ణ, 1010 రకాలు, బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి మన పొలాల రూపాన్నే మార్చేశాయి. ఓడ కోసం ఎదురుచూసిన దేశం 2012 నాటికి ప్రపంచంలో అందరికంటే ఎక్కువ బియ్యం పంపే దేశమైంది. అయినా ఆ పాత రోజుల భయం సచివాలయాల్లో ఇంకా పోలేదు. వానలు తగ్గాయని వాతావరణ శాఖ అనగానే ఎగుమతి ఫైలు బయటికి వస్తుంది. ఆ భయాన్ని తప్పుపట్టను. కానీ తలుపు మూసే తీరు మీద నాకు కోపం ఉంది. దాని సంగతి కూడా చెబుతాను.

బాస్మతి కాని బియ్యం ఎగుమతిని 2007లో కట్టడి చేసి, 2008లో పూర్తిగా నిలిపివేశారు. మళ్లీ తెరిచింది 2011 సెప్టెంబర్‌లో. మూడేళ్లకు పైగా ఎదురుచూడలేక ఈ వ్యాపారం వదిలేసిన వాళ్లు మన జిల్లాలో చాలామంది ఉన్నారు. తరువాత పదేళ్లకు పైగా తలుపు తెరిచే ఉండటంతో కొత్తగా వచ్చినవాళ్లు ఇక ఎప్పటికీ మూయరనుకున్నారు. 2022 సెప్టెంబర్ 8న నూకల ఎగుమతి నిషేధించి, తెల్ల బియ్యంపై 20 శాతం సుంకం వేశారు. మరునాటి నుంచే అమలు. అప్పటికే ఓడల్లోకి ఎక్కుతున్న సరుకుకు సుంకం ఎవరు కట్టాలన్న తగాదా మొదలైంది. మేం ఒప్పుకున్న ధర ఇంతే, పైసా ఎక్కువ ఇవ్వం అన్నారు కొనేవాళ్లు. సుమారు 10 లక్షల టన్నుల బియ్యం రేవుల్లో నిలిచిపోయింది. టన్నుకు అయిదారు డాలర్ల లాభం చూసుకునే వ్యాపారంలో 20 శాతం ఎక్కడి నుంచి తెస్తాడు ఎవరైనా?

ఆ తరువాతి ఏడాది వానలు తగ్గించే ఎల్‌నినో భయం వచ్చింది. 2023 జూలై 20న తెల్ల బియ్యం ఎగుమతి పూర్తిగా ఆపేశారు. ఈ నోటిఫికేషన్‌ను నువ్వు తెచ్చుకుని, పెన్సిలు పట్టుకుని చదవాలి. అంతకుముందు 2022 మే 13న గోధుమ ఎగుమతి ఆపినప్పుడు, ఆ తేదీకి ముందే తెరిచిన, వెనక్కి తీసుకోలేని ఎల్‌సీ (కొనేవాడి బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ పత్రం) ఉన్నవాళ్ల సరుకును వెళ్లనిచ్చారు. బియ్యం విషయంలో ఆ వెసులుబాటు ఇవ్వలేదు. లోడింగ్ మొదలై ఉండాలి, లేదా షిప్పింగ్ బిల్లు అనే ఎగుమతి పత్రం దాఖలై ఓడ రేవుకు వచ్చి లంగరు వేసి రొటేషన్ నంబరు (ఓడకు ఇచ్చే నమోదు సంఖ్య) తీసుకుని ఉండాలి, లేదా సరుకు కస్టమ్స్ చేతికి అప్పగించి ఉండాలి. ఎల్‌సీ చేతిలో ఉందని ధీమాగా కూర్చున్నవాడి సరుకు గోదాములోనే ఉండిపోయింది. ఆగస్టులో ఇంకో సడలింపు ఇస్తూ, జూలై 20 రాత్రి 9 గంటల 57 నిమిషాల 1 సెకనుకు ముందు ఎగుమతి సుంకం కట్టినవాళ్లు పంపుకోవచ్చన్నారు. సెకనుతో సహా రాశారు. ఒక సంవత్సరపు వ్యాపారం ఆ ఒక్క సెకనుకు అటో ఇటో తేలిపోయింది.

కాబట్టి ఒప్పందం చేసుకున్న రోజును కాదు, సరుకు కస్టమ్స్ గేటు దాటిన రోజునే నీ అమ్మకంగా లెక్కపెట్టు. ఒప్పందానికీ ఆ గేటుకూ మధ్య ఎన్ని రోజులు ఉంటే అంత ప్రమాదం. మొదటి రెండేళ్లూ నెలా పదిహేను రోజులకు మించిన మాట ఎవరికీ ఇవ్వకు. ఆరు నెలల సరఫరాకు మంచి ధర ఇస్తామని దుబాయ్ దళారులు ఆశ పెడతారు. వాళ్లకు మర్యాదగా వద్దని చెప్పు.

ఒప్పందం కాగితంలో రెండు వాక్యాలు తప్పకుండా ఉండాలి. ఒప్పందం తేదీ తరువాత భారత ప్రభుత్వం కొత్తగా విధించే సుంకం, పన్ను ఏదైనా కొనేవారే భరించాలి. ప్రభుత్వం నిషేధం విధిస్తే ఎక్కని సరుకు మేరకు ఒప్పందం రద్దవుతుంది, ఏ పక్షమూ రెండో పక్షాన్ని నష్టపరిహారం అడగకూడదు. మొదటి వాక్యానికి కొనేవాడు ఒప్పుకోకపోతే టన్నుకు రెండు మూడు డాలర్లు తగ్గించైనా ఒప్పించు. రెండోదానికి ఒప్పుకోకపోతే ఆ బేరం వదులుకో.

ఉప్పుడు బియ్యం కథ ఇంకొకటి. 2023 ఆగస్టు 25న దానిపై 20 శాతం సుంకం వేస్తూ అక్టోబర్ 16 వరకే అన్నారు. తరువాత 2024 మార్చి 31 వరకు అన్నారు. ఆ తరువాత గడువు తీసేశారు. 2024 సెప్టెంబర్ చివరలో దాన్ని 10 శాతానికి తగ్గించి, తెల్ల బియ్యాన్ని టన్నుకు 490 డాలర్ల కనీస ధరతో వదిలారు. నెల తిరక్కుండానే అక్టోబర్‌లో ఆ సుంకమూ కనీస ధరా రెండూ తీసేశారు. నూకలకు 2025 మార్చి దాకా మోక్షం రాలేదు. నూనె తీసిన తవుడు ఎగుమతిని కూడా 2023 జూలై చివర ఆపి, 2025 అక్టోబర్‌లో గానీ వదల్లేదు. గడువు వేసి మూసిన తలుపు ఆ గడువుకే తెరుచుకుంటుందని నమ్మి సరుకు నిల్వ పెట్టకు. నా కోపం ఇక్కడే. ధరలు అదుపు చేయడం ప్రభుత్వం బాధ్యత, కాదనను. దానికి నిషేధం అక్కర్లేదు. ఇంత నిల్వకు తగ్గితే ఇంత సుంకం అని ముందే రాసి పెడితే మిల్లరూ రైతూ కొనే దేశమూ సర్దుకుంటారు. రాత్రికి రాత్రి మూస్తే, పశ్చిమ ఆఫ్రికాలో మన బియ్యం మీదే బతికే పేద ఇళ్లలో ధర పెరుగుతుంది. మన మాట మీద నమ్మకం పోతుంది. ఆ నమ్మకాన్ని థాయ్‌లాండ్ వాడు ఏరుకుంటాడు.

2023 జూలైలో అమెరికాలో మనవాళ్లు సోనా మసూరి బస్తాల కోసం ఇండియన్ స్టోర్ల ముందు బారులు తీరిన వీడియోలు నువ్వూ చూసే ఉంటావు. వాళ్లకు తిండికి లోటేమీ రాలేదు, అలవాటైన బియ్యం దొరకదేమోనన్న ఆదుర్దా తప్ప. సెనెగల్‌లో నూకల అన్నమే రోజువారీ తిండి. వాళ్లకు కలిగిన ఇబ్బంది గురించి ఇక్కడ ఎవరూ మాట్లాడలేదు. నువ్వు అమ్మబోయేది అలాంటి వాళ్లకేనన్నది మనసులో పెట్టుకో.

తలుపు మూయబోతున్నారని ముందే తెలుసుకోవచ్చా అని అడుగుతావు. తేదీ తెలియదు గానీ వాసన తెలుస్తుంది. ఎఫ్‌సీఐ (భారత ఆహార సంస్థ) ప్రతి నెలా నిల్వల లెక్క ప్రకటిస్తుంది. జూలై 1 నాటికి కేంద్రం దగ్గర ఉండవలసిన బియ్యం 135 లక్షల టన్నుల పైచిలుకు. అక్టోబర్ 1 నాటికి 102 లక్షల పైచిలుకు. నిల్వ ఆ గీతకు ఎంత పైన ఉందో నెలనెలా ఒక పుస్తకంలో రాసుకుంటూ పో. దాని పక్కనే నాట్ల విస్తీర్ణం, చిల్లర ధర, రాబోయే ఎన్నికలు రాసుకో. చిల్లర ధర ఏడాది కిందటి కంటే పది శాతం పెరిగి, నాట్లు వెనకబడి, ఎన్నికలు దగ్గరపడ్డాయా, కొత్త ఒప్పందాలు ఆపేసి ఉన్నవాటిని ఎక్కించెయ్. గోదాములు నిండి పొర్లుతున్నా నిషేధం రాదని మాత్రం ధీమాగా ఉండకు, 2023లో నిల్వ ఆ గీతకు చాలా పైన ఉండగానే ఆపేశారు.

దిగుమతుల లెక్క కూడా చూడమంటాను. బియ్యం అమ్మేదానికి పామాయిల్ సంగతి ఎందుకని అనుకోకు. రెండింటినీ నడిపేది ఒకే చేయి. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తుంది. పామాయిల్ ఇండోనేషియా, మలేషియాల నుంచి, సోయా నూనె అర్జెంటీనా, బ్రెజిల్ నుంచి, సన్‌ఫ్లవర్ రష్యా, ఉక్రెయిన్‌ల నుంచి. 2024 సెప్టెంబర్‌లో నూనెగింజల రైతుల కోసమని ముడి నూనెలపై మూల సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచారు. చిల్లర ధర భగ్గుమనడంతో 2025 మే చివర దాన్ని 10 శాతానికి దించారు. పెదవేగి చుట్టుపక్కల పామాయిల్ తోటలు వేసిన రైతుల గెలల ధర ఆ సుంకంతో పాటే పైకీ కిందికీ ఊగుతుంది. కందిపప్పు మయన్మార్, మొజాంబిక్‌ల నుంచి సుంకం లేకుండా వస్తోంది. పసుపు బఠానీకి 2023 డిసెంబర్‌లో సుంకం ఎత్తేసి, 2025 నవంబర్ 1 నుంచి 30 శాతం వేశారు. ఒకప్పుడు మన మొక్కజొన్న వియత్నాం, బంగ్లాదేశ్‌లకు ఓడలెక్కి వెళ్లేది. ఇథనాల్ ఫ్యాక్టరీలు వచ్చాక ఆ గింజకు ఇక్కడే గిరాకీ పెరిగి, 2024లో మనమే బయటి నుంచి తెచ్చుకున్నాం. మన కోళ్ల ఫారాల వాళ్లు ఆ ఏడాది దాణా ధరకు ఎంత అల్లాడారో నీకు తెలుసు. ఏ పంట ఎప్పుడు ఎగుమతి నుంచి దిగుమతికి మారుతుందో చూస్తూ ఉంటే, ప్రభుత్వం రైతు వైపు మొగ్గే రోజులేవో, వంటింటి వైపు మొగ్గే రోజులేవో నీకే అర్థమవుతుంది.

అవతలి ఒడ్డున కూడా ఒక తలుపు ఉంది. అక్కడి ప్రభుత్వాలకూ రైతులున్నారు, ఎన్నికలున్నాయి. 2025 మార్చి 31న తెలంగాణ ప్రభుత్వం తరఫున 1010 రకం బియ్యం 12,500 టన్నులతో తొలి ఓడ మన కాకినాడ నుంచే ఫిలిప్పీన్స్‌కు బయలుదేరింది. అందరం గర్వపడ్డాం. అదే ఏడాది సెప్టెంబర్ 1 నుంచి ఆ దేశం తమ రైతుల కోత కాలంలో ధర పడిపోకూడదని దిగుమతులు 60 రోజులు ఆపేసింది. తరువాత ఏడాది చివరి దాకా పొడిగించింది. 2024లో లక్షల టన్నులు కొన్న ఇండోనేషియా మరుసటి ఏడాది చాలనుకుంది. బెనిన్ అనే చిన్న దేశం మన బియ్యాన్ని అందరికంటే ఎక్కువగా కొనే దేశాల్లో ఒకటి. వాళ్ల జనాభా ఇంచుమించు కోటిన్నరే. ఆ బియ్యంలో చాలా భాగం సరిహద్దు దాటి నైజీరియాకు పోతుంది. అందుకే 2019 ఆగస్టులో నైజీరియా భూ సరిహద్దు మూసినప్పుడు బెనిన్ వ్యాపారులు కొత్త బేరాలు ఆపేశారు. బెనిన్ వాడితో మాట్లాడేటప్పుడు నైజీరియా వార్తలు చదివి ఉండాలి. రొయ్యల సంగతి నేను చెప్పనవసరం లేదు. ఒక్క అమెరికానే నమ్ముకున్న మన చెరువుల రైతులు 2025 ఆగస్టు 27న సుంకం 50 శాతానికి చేరేసరికి ఏ స్థితిలో పడ్డారో మీ నాన్న స్నేహితులను అడిగినా చెబుతారు. ఒక దేశానికి, ఒక కొనుగోలుదారుకు నీ సరుకులో మూడో వంతుకు మించి కట్టిపెట్టకు.

ఇక సరుకు. ఎగుమతి ఆగిపోయినా ఇక్కడ అమ్ముకోగలిగిన రకాన్నే ఆడించు. స్వర్ణ ఉప్పుడు బియ్యానికి, 1010కి దేశంలోనే వేరే రాష్ట్రాల్లో కొనేవాళ్లున్నారు. పశ్చిమ ఆఫ్రికా కోసం 25 శాతం, 100 శాతం నూకలతో చేసిన సరుకుకు ఇక్కడ అన్నం గిరాకీ ఉండదు. దాణాకో సారా బట్టీకో పోయే ధర వస్తుంది. సంచుల విషయంలో ఇంకా జాగ్రత్త. కొనేవాళ్లు తమ బ్రాండు బొమ్మ, ఫ్రెంచి అక్షరాలు అచ్చువేసిన 25 కిలోలు, 50 కిలోల సంచులు అడుగుతారు. నిషేధం వస్తే ఆ సంచులు దేనికీ పనికిరావు. లోపల ఉన్న బియ్యాన్ని మళ్లీ పోసి, మళ్లీ కుట్టాలి. కూలీ, దారం, కొత్త సంచి, కారిపోయిన గింజ కలిపితే నీ లాభమంతా అక్కడే పోతుంది. సంచుల డబ్బు ముందుగా కొనేవాడే పంపాలని అడుగు. అడిగితే చాలామంది పంపుతారు.

లోడింగ్ రోజు నువ్వే రేవులో ఉండు. మనుషులను పెట్టాను కదా అనుకోకు. లంగరు రేవులో ఓడ ఒడ్డుకు రాదు, సముద్రంలోనే నిలుస్తుంది. బస్తాలను బార్జీల్లో వేసుకుని వెళ్లి, ఓడ క్రేనుకు తగిలించిన వలల్లో పైకి ఎత్తుతారు. ఒక్కో వల పైకి లేచినప్పుడల్లా సరుకు లెక్క, నాణ్యత చూసే సర్వేయరు, నీ మనిషి ఇద్దరూ విడివిడిగా లెక్క గీసుకోవాలి. పూట చివర రెండు లెక్కలూ కలిపి సంతకాలు చేయించు. మబ్బు కమ్మగానే ఓడ హ్యాచ్ మూతలు వేసేస్తారు. నాలుగు చినుకులు పడ్డ బస్తా ఒకటి లోపలికి పోతే అట్లాంటిక్ చేరేలోపు చుట్టూ ఉన్న పది బస్తాలకు బూజు పడుతుంది. సర్వేయరు ఇనుప గొట్టం గుచ్చి తీసే శాంపిల్‌లో తేమ 14 శాతం దాటకూడదు. పద్నాలుగున్నర వచ్చిన లాటును వెనక్కి పంపు, లారీ కిరాయి పోయినా సరే. శాంపిల్‌ను మూడు భాగాలు చేయించి, సీలు వేయించి, ఒకటి నీ దగ్గర ఆరు నెలలు ఉంచు. అవతల రేవులో తగాదా వస్తే నీకు సాక్ష్యం అదే.

ఒక మాట గట్టిగా చెబుతున్నాను. రేషన్ బియ్యం తక్కువ ధరకు వస్తుందని, ఒక లారీ కలిపితే టన్నుకు ఇంత మిగులుతుందని చెప్పేవాళ్లు నీ గుమ్మం దాకా వస్తారు. ఈ మధ్య సంవత్సరాల్లో రేషన్ బియ్యంలో క్వింటాలుకు కిలో చొప్పున పోషకాలు చేర్చిన గింజలు కలిపారు, అవి ఉంటే పరీక్షలో ఇట్టే దొరికిపోతుంది. దొరుకుతుందన్న భయంతో మానేయమనడం లేదు. ఆ బియ్యం ఒక ముసలమ్మ పళ్లెంలోది. మన మిల్లు గడప దాటి అది లోపలికి రాకూడదు.

డబ్బు సంగతి. మొదటి బేరాలకు మంచి బ్యాంకు ధ్రువీకరించిన ఎల్‌సీ, లేదా 30 శాతం ముందస్తు, మిగతాది కాగితాల నకలు చూసి పంపే పద్ధతి తప్ప వేరేది వద్దు. ఈసీజీసీ (ఎగుమతి బాకీలకు బీమా ఇచ్చే కేంద్ర సంస్థ) బీమా తీసుకో. ఒప్పందం కుదిరిన రోజే డాలరును బ్యాంకులో ఫార్వర్డ్ కట్టించు, అంటే రాబోయే డాలర్లకు రేటు ఆ రోజే ఖాయం చేసుకో. రూపాయి ఇంకా పడుతుందని ఆశించి వదిలేయడం నీ వ్యాపారం కాదు. పోయినా తట్టుకోగలిగిన సొమ్ము ఎంతో ముందే కాగితం మీద రాసుకుని, ఎగుమతికి అంతకు మించి పెట్టకు. ఇల్లు, పొలం బ్యాంకుకు రాయవద్దు.

రైతు దగ్గరికి వచ్చేసరికి నా కోరిక ఒక్కటే. 2025-26కి సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. నిషేధం వార్త రాగానే కళ్లంలోకి వెళ్లి తేమ ఉందనీ తాలు ఉందనీ ధర కోసే మిల్లర్లుంటారు. ఢిల్లీ నిర్ణయానికి ఖరీదు ఆ రైతు చేత కట్టించకు. మాట ఇచ్చిన ధర ఇవ్వు, కొనగలిగినంత మేరకే కొను. తలుపు తెరిచిన రోజు మిగతా మిల్లులు గింజ కోసం వెతుక్కుంటుంటే నీ దగ్గరికి ధాన్యం తనంతట తానే వస్తుంది.

మొదటి ఒప్పందం ఎంతదో నువ్వు రాయలేదు. ఒక్క ఓడ నింపాలని పోకు. ఇంకో ఇద్దరు నమ్మకమైన ఎగుమతిదారులతో కలిసి ఒకే ఓడలో అయిదు వందల టన్నులు వేయించుకో, లేదా కంటైనర్లలో పంపు. కాగితం తయారవగానే సంతకం పెట్టకముందు నాకు ఒక నకలు పంపు. సుంకం వాక్యం, నిషేధం వాక్యం ఉన్న పేజీలు, బ్యాంకు ఎల్‌సీ ముసాయిదా కూడా జతచెయ్. కళ్లజోడు మార్పించుకున్నాను, చిన్న అక్షరాలు కూడా చదవగలను. రెండు రోజుల్లో తిరిగి పంపుతాను. ఈలోగా కాకినాడలో మంచి సర్వేయరు ఎవరున్నారో కనుక్కుని ఉంచు. ఫీజు తక్కువని కాదు, సరుకు బాగాలేకపోతే నీకైనా వద్దని చెప్పగలిగిన మనిషిని ఎంచుకో.

మీ అమ్మకు, నాన్నకు నా ఆశీస్సులు చెప్పు.

ఇట్లు,
మీ పెద్దనాన్న